నమ్మకం లేనివాళ్ళకి వెనక బెంచీ అయినా ఉంచండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కిందటి వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు రాసింది చదివాను. దేవుడి మీద నమ్మకం లేకుండానే పండగ పూట గుడికీ, చర్చికీ, మసీదుకీ పోయేవాళ్ళు అందరినీ మోసం చేస్తున్నారనీ, ఉంటే పూర్తిగా ఉండాలి, లేకపోతే బయటికి పోవాలి గానీ మధ్యలో నిలబడటం పిరికితనమనీ ఆయన రాశారు. ఆయన ఎవరో నాకు తెలియదు, నిజాయితీగానే రాసినట్టున్నారు. కానీ అది చదివాక రెండు రాత్రులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆయన చెప్పిన ఆ మనిషిని నేనే. నాకు 64 ఏళ్ళు. వారాసిగూడలో ఉంటాను, సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పుట్టి పెరిగింది సికింద్రాబాద్ వైపు ఒక తెలుగు చర్చిలో. ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున బైబిలూ పాటల పుస్తకమూ సంచిలో పెట్టుకుని ఆ చర్చికే పోతాను. నాకు దేవుడి మీద నమ్మకం లేదు.

ఈ చివరి వాక్యం రాయడానికి నాకు అయిదేళ్ళు పట్టింది. మా చర్చి పేరు రాయడం లేదు, నా పేరు కూడా వెయ్యవద్దని మనవి, ఎందుకంటే మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య, మీ పత్రికే చదువుతుంది, తనకి ఈ సంగతి నా నోటితో నేనే చెప్పాలి.

మా ఆరాధనలో విశ్వాస ప్రమాణం అని ఒకటి ఉంటుంది. అందరూ లేచి నిలబడి 'నమ్ముచున్నాను' అంటూ ఒకే గొంతుతో చెప్తారు. చిన్నప్పుడు సండే స్కూల్లో పదమూడో ఎక్కం కన్నా ముందే నాకు అది వచ్చేసింది. ఇప్పుడు అందరితో పాటు లేస్తాను, చేతులు కట్టుకుంటాను, నోరు మాత్రం విప్పను. పాటలు పాడతాను, గట్టిగానే పాడతాను, చరణాలన్నీ పుస్తకం చూడకుండా వస్తాయి. పాట దగ్గర నాకు ఏ ఇబ్బందీ లేదు, అందులో మా అమ్మ గొంతు ఉంటుంది, మా తమ్ముడి హార్మోనియం ఉంటుంది, నువ్వు నమ్ముతున్నావా లేదా అని పాట నన్ను అడగదు. ప్రమాణం అడుగుతుంది. మనసులో లేని మాటని ప్రమాణంగా పలకకూడదని నాకు నేర్పింది కూడా ఆ చర్చే, అందుకే అక్కడ ఆగిపోతాను.

ఎటో ఒకటి తేల్చుకోండి అనే ముందు మాలాంటి కుటుంబాలు ఆ మతంలోకి ఎట్లా వచ్చాయో కూడా చూడాలి. మా ముత్తాతది మెదక్ దగ్గర పల్లె. మెదక్ పెద్ద చర్చిని కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లీషు మిషనరీ. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అవి కరువు రోజులు, ఊరికే గంజి పోసే బదులు పని ఇచ్చి తిండి పెడదామని ఆ కట్టడం చేపట్టారని అక్కడ ఎవరిని అడిగినా చెప్తారు. మా ముత్తాత ఆ రాళ్ళు మోశాడు. అప్పటికి పన్నెండేళ్ళ పిల్లాడైన మా తాత ఆయన వెనక సున్నం గంపలు మోశాడు. ఇప్పుడు ఆ చర్చి శిఖరం 170 అడుగుల పైనే ఉంటుంది. 2024 డిసెంబరులో వందేళ్ళ పండుగకి నేనూ పోయాను, ఆ జనంలో ఒక స్తంభానికి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. దేవుడు గుర్తు రాలేదు. సున్నంతో పగిలిన చేతులు గుర్తొచ్చాయి. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

గంజి కోసం మతం మారారని మమ్మల్ని అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, బడిలో నాతో పనిచేసినవాళ్ళు కూడా ఒకసారి అన్నారు. అవును, గంజి కోసమే. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి ఒకరు పనిచ్చి, కడుపుకి పెట్టి, లోపలికి రమ్మని, పక్కన కూర్చోమన్నారు. మా ఇంట్లో వరస అది: ముందు అన్నం, తర్వాత కూర్చునే చోటు, తర్వాత పిల్లలకి బడి, ఆ తర్వాత ఎప్పటికో నమ్మకం. మా తాత ముసలితనంలో గొప్ప భక్తుడు, తెల్లారుజామున నాలుగింటికి లేచి మోకాళ్ళ మీద ఉండేవాడు, కానీ ఆ భక్తి ఆయన అక్కడ చేరిన ఎన్నో ఏళ్ళకి వచ్చింది. చివర వచ్చినది నా దగ్గర ఆగిపోతే, దానికన్నా ముందు వచ్చినవన్నీ కూడా నేను వదిలేసి పోవాలా? ఆ పాఠకుడిని నేను అడగదలుచుకున్న మాట ఇదే.

కాగితాల సంగతి ఇంకొకటి. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్ళు ఎస్సీల కిందికి రారు. తర్వాత 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఆ హక్కు ఇచ్చారు, క్రైస్తవులకీ ముస్లింలకీ ఇప్పటికీ లేదు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైన వాళ్ళని బీసీ-సీ అని పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మా నాన్న పట్టుదల మనిషి, మాకు బీసీ-సీ అనే రాయించాడు. మా పెదనాన్న తన పిల్లలకి బడి రికార్డులో హిందూ అని రాయించాడు, ఆ పిల్లలు ఆదివారం మా పక్కనే కూర్చుని మాతో పాటే పాడారు. మతం మారినందుకు పల్లెలో మమ్మల్ని చూసే చూపు ఏమీ మారలేదు, పట్నంలో చర్చి కమిటీ ఎన్నికలు వస్తే అక్కడ కూడా ఎవరిది ఏ కులమో లెక్కలు తీసేవాళ్ళు, ఆ బాధ వేరే. నేను చెప్పేదేమిటంటే, మా పెదనాన్న పిల్లలు కాగితం మీద ఒకటి, బెంచీ మీద ఒకటిగా బతికారు. తేల్చుకోమని వాళ్ళకి చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు, తేల్చుకుంటే చేతిలో నుంచి ఏం పోతుందో నాకు తెలుసు కాబట్టి.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు, మెట్టుగూడ క్వార్టర్స్‌లో మా చిన్నతనం గడిచింది. చర్చి అంటే మాకు ఆదివారం ఒక్కటే కాదు, వారమంతా ఉండేది. బుధవారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం, చాపలు పక్కింటి నుంచి, గ్లాసులు ఎదురింటి నుంచి, చివర అందరికీ టీ, కారప్పూస. శనివారం క్వయర్ ప్రాక్టీసు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీది ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడేవాళ్ళు, పిల్లలం చెమటలు కారుతూ కూర్చునేవాళ్ళం. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్ళెంలో వాగ్దానపు కార్డులు పెట్టేవాళ్ళు, ఒక్కొక్కరు ఒక్కటి తీసుకోవాలి, ఆ ఏడాదికి నీకు దేవుడిచ్చిన మాట అది. మా అమ్మ ఆ కార్డులన్నీ దాచింది. ఆమె పోయాక పెట్టెలో 41 కార్డులు దొరికాయి. ఒక్కటి కూడా పారెయ్యలేకపోయాను.

అదే చర్చి కొన్ని గోడలు కూడా కట్టింది, అదీ చెప్పాలి. పక్క క్వార్టర్‌లో ఉండే అత్తమ్మ బోనాలకీ దసరాకీ ప్రసాదం తెచ్చేది, మా అమ్మ నవ్వుతూ తీసుకునేది, తలుపు వేశాక మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు, విగ్రహాలకి పెట్టింది తినకూడదని. పులిహోర వాసన ఇల్లంతా ఉండేది. ఆవిడకి తెలియకుండా దాన్ని పనిమనిషికి ఇచ్చేసేది మా అమ్మ. మా ఇంటి క్రిస్మస్ కేకు మాత్రం ఆవిడ మా ముందే తినేది, ఇంకొంచెం పెట్టమని అడిగేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ తేడా అర్థమైంది, సిగ్గేసింది. నేను ప్రసాదం మొదటిసారి తిన్నది 2022లో, రిటైరైన రోజు, తోటి టీచర్ తెచ్చిన చక్కెర పొంగలి. ఏమీ కాలేదు. కానీ ఇంటికొచ్చి మా అమ్మ ఫోటో వైపు చూడలేకపోయాను.

అనుమానం ఎప్పుడు మొదలైందని అడిగితే, విత్తనం ఎప్పుడో పడి ఉంటుంది, లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి రుజువు లేనిదాన్ని ఒప్పుకోవడం నాకు మొదటి నుంచీ కష్టం. కానీ బయటపడింది 2021లో. ఆ మే నెలలో కరోనా రెండో దెబ్బకి మా తమ్ముడు ఆసుపత్రిలో 11 రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. మా చర్చిలోనే ఆ నెలలో పది మందికి సీరియస్ అయింది. గొలుసు ప్రార్థన పెట్టాం, అంటే ఇరవై నాలుగు గంటల్లో గంటకి ఒక ఇల్లు చొప్పున వంతు వేసుకుని ఆపకుండా ప్రార్థన చెయ్యడం. నాకు రాత్రి రెండింటి వంతు వచ్చింది. పది పేర్లూ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరి కోసం ఒకే రకంగా, ఒకే ఏడుపుతో అడిగాను. మా తమ్ముడి కోసం ఎక్కువ అడిగితే స్వార్థమవుతుందేమోనని కూడా భయపడ్డాను. ఆరుగురు ఇంటికొచ్చారు. నలుగురు రాలేదు. మా తమ్ముడు రాలేదు.

మళ్ళీ చర్చి తెరిచాక ఒక ఆదివారం సాక్ష్యాల కూటం పెట్టారు. బతికి వచ్చిన ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని, దేవుడు నా మొర విన్నాడు, నన్ను మరణపు అంచు నుంచి లాగాడు అని చెప్పారు, అందరూ స్తోత్రం అన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, అందులో ఒకతను నా దగ్గర చదువుకున్న పిల్లాడు, వాడు బతికినందుకు నేను నిజంగా సంతోషపడ్డాను. కానీ రాని నలుగురి ఇళ్ళవాళ్ళం కూడా ఆ హాల్లోనే ఉన్నాం. మమ్మల్ని ఎవరూ మైకు దగ్గరికి పిలవలేదు. పిలిస్తే మేము చెప్పడానికి సాక్ష్యం ఏముంది? మేమూ అదే రాత్రి అదే దేవుణ్ణి అడిగాం అని చెప్పాలి. ఆ మాట చెప్పుకునే చోటు ఆరాధన క్రమంలో ఎక్కడా లేదు. బయటికి వచ్చాక ఒక పెద్దమ్మ మా తమ్ముడి కూతురి తల నిమిరి, దేవుడు మంచివాళ్ళని తొందరగా పిలుచుకుంటాడమ్మా అంది. ఆ పిల్లకి పదిహేనేళ్ళు. మరి మనమంతా చెడ్డవాళ్ళమా అత్తా అని ఇంటికొచ్చాక నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచే ప్రమాణం దగ్గర నా నోరు మూతపడింది.

మా మరదలు ఆ నమ్మకంతోనే నిలబడింది, పొద్దునా సాయంత్రం ప్రార్థన చేసుకుంటుంది, ఆయన ప్రభువు దగ్గర ఉన్నాడంటుంది, ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో ఒక నిమ్మళం కనపడుతుంది. దాన్ని నేను ఎప్పుడూ కదపలేదు, కదపను.

మా అయ్యగారికి మాత్రం చెప్పాను. చిన్న వయసు పాస్టర్, మా తమ్ముడు చనిపోయిన తర్వాతి ఏడాది వచ్చాడు. ఆయన నన్ను తిట్టలేదు, భయపెట్టలేదు. టీచరమ్మా, యేసు శిష్యుడు తోమా కూడా చూస్తే గానీ నమ్మనన్నాడు కదా, ప్రభువు అతన్ని తోసెయ్యలేదు అన్నాడు. తోమాకి చూపించారు అయ్యగారూ, నాకు చూపించలేదు అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఊరుకోవడం నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను, ఎందుకంటే అప్పటిదాకా అందరి దగ్గరా ఠక్కున ఒక వాక్యం ఉండేది. తర్వాత ఆయన, పలకగలిగింది పలకండి, లేనిది మానెయ్యండి, కూర్చోవడం మాత్రం మానొద్దు అన్నాడు. నెలలో మొదటి ఆదివారం సంస్కారం, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చేటప్పుడు నేను బల్ల దగ్గరికి పోవడం మానేశాను, అది ఆయనకి తెలుసు. తెలియనివాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఏం పాపం చేశావు అక్కా, బల్లకి రావట్లేదు అని ఒకామె నలుగురిలో అడిగింది.

ఆ టైంలోనే ఒక స్నేహితురాలు నన్ను బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో జరిగే హేతువాదుల మీటింగులకి తీసుకుపోయింది. ఏడాది పాటు పోయాను. నాకు మేలే జరిగింది, నాలాంటి ఆలోచన ఉన్నవాళ్ళు ఇంతమంది ఉన్నారా అని గుండె బరువు దిగింది, నేత్రదానం పత్రం మీద సంతకం పెట్టింది కూడా అక్కడి వాళ్ళ వల్లే. కానీ అక్కడ కూడా ఒక పెద్దాయన, నమ్మకం లేదంటావు, మళ్ళీ చర్చికెందుకమ్మా, అది బలహీనత, వదిలెయ్ అన్నాడు. మీకు ఉత్తరం రాసిన పాఠకుడి మాటే, అటు వైపు నుంచి. 2023లో నాకు డెంగీ వచ్చింది, ప్లేట్‌లెట్లు పడిపోయి ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను, మా అమ్మాయి బెంగళూరులో. మీటింగు వాళ్ళు ఫోన్లో మెసేజీలు పెట్టారు, జాగ్రత్తలు చెప్పారు. మా చర్చి ఆడవాళ్ళ సంఘం, స్త్రీల మైత్రి వాళ్ళు పది రోజులు వంతులు వేసుకుని జావ, చారన్నం తెచ్చారు, బల్ల గురించి నన్ను నలుగురిలో అడిగిన ఆమే రెండు రాత్రులు నా మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది. మీటింగు వాళ్ళది తప్పని నేను అనడం లేదు. వాళ్ళు నెలకోసారి కలిసేవాళ్ళు, వీళ్ళు అరవై ఏళ్ళుగా కలిసి తిన్నవాళ్ళు.

గోరా గారికి, అంటే గోపరాజు రామచంద్రరావు గారికి, ఈ సంగతి బాగా తెలుసు. నాస్తికుడినని చెప్పుకున్నందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి ఆయన. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకి మార్చారు. దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదు, అన్ని కులాల వాళ్ళనీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించారు. నమ్మకం తీసేసినా కలిసి తినే ఆకు తియ్యకూడదని ఆయనకి అర్థమైంది. ఆయన కూతురికి ఒక దళిత యువకుడితో పెళ్ళి అనుకున్నప్పుడు గాంధీ సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానన్నారు, అంతేకాదు, ఆ పెళ్ళిలో దేవుడి పేరున అనే చోట సత్యం పేరున అని మార్చడానికి ఒప్పుకున్నారు. పెళ్ళికి ముందే, 1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. మార్చి 13న అదే సేవాగ్రామ్‌లో ఆ పెళ్ళి చేశారు. నోటి వెంట ఎప్పుడూ రామనామం ఉండే ముసలాయన, ఒక నాస్తికుడి బిడ్డ కోసం ఒక్క మాట మార్చడానికి సిద్ధపడ్డాడు. నేను ఈ మధ్య ప్రతి ఆదివారం ప్రమాణానికి లేచి నిలబడినప్పుడు ఆ ఒక్క మాట గురించే ఆలోచిస్తున్నాను.

మధ్యలో నిలబడినవాళ్ళం మేము చర్చిలోనే ఉన్నామనుకోవద్దు. మా వీధిలో ఒకామె ఏటా ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళికి బోనం ఎత్తుతుంది. ఆ గుడి పుట్టింది కూడా ఒక రోగం నుంచే, 1813లో కలరా వచ్చి జనం చచ్చిపోతుంటే ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే మిలటరీ డోలీ మోసే ఆయన మొక్కుకుని, తిరిగొచ్చాక ఇక్కడ అమ్మవారిని నిలబెట్టాడని చెప్తారు. నేనొకసారి ఆమెని అడిగాను, అమ్మవారు నిజంగా ఉందంటావా అని. "ఉందో లేదో నాకు తెల్వదు అక్కా, మా అత్త ఎత్తింది, మా అత్తకి వాళ్ళత్త ఇచ్చింది, నేను దించితే ఎట్ల?" అంది. నాతో పనిచేసిన సైన్సు టీచర్ ఒకాయన పాతబస్తీ మనిషి, నెలంతా రోజా ఉంటాడు, ఇఫ్తార్ దగ్గర తొమ్మిది మంది మనవళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుంటాడు, మనసులో ఏముందో నాకు ఒక్కదానికే చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. బోనం ఎత్తే ఆమె ఆ మాట గట్టిగా అనగలిగింది, ఆయన అనలేకపోయాడు, నేను పేరు లేకుండా అంటున్నాను. వీళ్ళని పిరికివాళ్ళని అనేముందు ఒక్కసారి వాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని రావాలి.

2011 జనాభా లెక్కలకి నేను ఇల్లిల్లూ తిరిగి రాసినదాన్ని. మతం అన్న ప్రశ్న దగ్గర ఆరు మతాలకి కోడ్ నంబర్లు ఉండేవి, ఇంకేదన్నా అయితే పేరు రాయాలి. ఇంటి పెద్ద ఒక మాట చెప్తే ఇంట్లో అందరికీ అదే వేసేవాళ్ళం, లోపల వంటింట్లో ఉన్న కోడలిని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, నేనూ అడగలేదు. దేశం మొత్తం మీద మతం చెప్పనివాళ్ళు 28 లక్షల పైన తేలారు. 2027 ఫిబ్రవరిలో మళ్ళీ లెక్కలు వస్తున్నాయి, నా తలుపు కొట్టే పిల్లకి ఏం చెప్పాలో నేను ఇంకా అనుకోలేదు. క్రైస్తవురాలిని అంటే సగం నిజం, ఏ మతమూ లేదంటే మా ముత్తాత మోసిన రాయి అబద్ధమైపోతుంది. మా అమ్మాయి వాళ్ళకి ఈ టెన్షన్ లేదు. హిందూ అబ్బాయిని స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకుంది, మనవరాలి పుట్టిన సర్టిఫికెట్‌లో మతం వద్దనుకున్నారు. కులం లేదు, మతం లేదు అని రాయించుకునే వీలు ఇవ్వాలని మన తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో చెప్పింది, చాలా మంచి తీర్పు, నేను సంతోషించాను. ఆ కాలమ్ ఖాళీగా ఉండొచ్చు. కానీ పిల్లని ఊయల్లో వేసిన రోజు పాట ఎవరు పాడాలని ప్రశ్న వచ్చింది. వియ్యపురాలు ఒకటి పాడింది, నేను ఒకటి పాడాను.

ఇక అసలు విషయానికి వస్తాను, ఈ ఉత్తరం దీని కోసమే. మా నాన్న 2012లో పోయాడు. కమిటీ గొడవల్లో మనసు విరిగి 2006 నుంచీ చర్చికి పోవడం మానేశాడు, చందా కట్టలేదు. ఇంట్లో శవం ఫ్రీజర్ బాక్సులో ఉంది, సమాధుల తోటలో మా అమ్మ పక్కన పెట్టాలంటే చర్చి నుంచి చీటీ కావాలి, ఆరేళ్ళ బాకీ కడితే గానీ చీటీ లేదన్నారు. నెలకి 100 చొప్పున 72 నెలలు, 7,200 రూపాయలు. డబ్బు పెద్ద సంగతి కాదు. రాత్రి పదింటికి మా తమ్ముడు పోయి కట్టి రసీదు తెచ్చాడు, ఆ రసీదు మీద మా నాన్న పేరు పక్కన 'బాకీ లేదు' అని ఉంది. అది చూసి మా తమ్ముడు, అంత భక్తుడు, గోడకి తల ఆనించి ఏడ్చాడు. ఆ రాత్రే క్వయర్ వాళ్ళు, స్త్రీల మైత్రి వాళ్ళు తెల్లవార్లూ మా ఇంట్లో కూర్చుని పాటలు పాడారు. పొద్దున శవపెట్టె ఎత్తేటప్పుడు ముందు కొమ్ము పట్టుకున్నది ఎవరనుకున్నారు, ఆ రసీదు రాసిన సెక్రటరీ గారే. తోట దాకా భుజం మార్చుకోలేదు, మట్టి వేసేటప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు, మా నాన్నా ఆయనా ఒకే రైల్వే వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళు పనిచేశారు. ఇన్నేళ్ళయినా ఆ ఇద్దరు మనుషులు ఒక్కరే అని నాకు మనసుకి పట్టదు. రూలు చేతిలో ఉంటే ఒక మనిషి, పెట్టె భుజం మీద ఉంటే ఇంకో మనిషి.

నాకు కూడా అక్కడే పడుకోవాలని ఉంది. పట్నంలో సమాధులకి జాగా లేదు, పాత సమాధినే తెరిచి అదే ఇంటివాళ్ళని పెడుతున్నారు, కాబట్టి మా అమ్మానాన్నల చోటే నా చోటు. మెడికల్ కాలేజీకి శరీరదానం చెయ్యమని స్నేహితులు చెప్పారు, అది గొప్ప పని, ఆలోచించాను, కానీ నా మనసు అటు పోలేదు. పునరుత్థానం మీద నమ్మకం లేని మనిషికి ఎక్కడ పూడిస్తే ఏంటని అడగొచ్చు. నాకు వాళ్ళ పక్కన ఉండాలని ఉంది, అంతకన్నా కారణం చెప్పలేను.

అందుకే కిందటి నెల మా కమిటీకి ఒక అర్జీ రాశాను. సమాధి చీటీకీ చందాకీ ముడి పెట్టొద్దు, చనిపోయిన మనిషి ఆ చర్చిలో బాప్తిస్మం పొందినవాడైతే చాలు, బాకీ గురించి నెల తర్వాత మాట్లాడుకోవచ్చు అని. కింద ఇంకొక మాట కూడా చేర్చాను, సాక్ష్యాల ఆదివారం నాడు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి కూడా ఒక్కసారి మైకు ఇవ్వండి, వాళ్ళు ఏం చెప్తే అది వినండి, వెంటనే వాక్యం చెప్పొద్దు అని. నా నమ్మకం సంగతి అందులో రాయలేదు, అది వేరే. ఇప్పటికి 23 మంది సంతకాలు పెట్టారు. మా మరదలు అందరికన్నా ముందు పెట్టింది. ఆ సెక్రటరీ గారికి ఇప్పుడు 86 ఏళ్ళు, కమిటీలో లేరు గానీ ఆయన మాటకి విలువ ఉంది. కాగితం ఇంటికి తీసుకుపోతే రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ఇప్పుడే సంతకం పెట్టలేనమ్మా, గురువారం ఒకసారి రా, మీ నాన్న గురించి నీతో మాట్లాడాలి అన్నారు. పోతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
వారాసిగూడ, హైదరాబాద్.